హజ్, ఉమ్రా ప్రయాణం: ఏజెంటు ద్వారానా, నేరుగానా?

గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత పెనుగొండ మస్జిదు వరండాలో ఒక తండ్రీ కొడుకూ నా వద్దకు వచ్చి కూర్చున్నారు. తండ్రి జీవితమంతా కుట్టుమిషను మీద గడిపినవాడు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగి. తల్లిదండ్రులను ఉమ్రాకు పంపాలని అతని కోరిక. సంకల్పంలో ఇద్దరికీ భేదం లేదు. భేదమంతా మార్గంలోనే ఉంది.

"విమానం టికెట్టు, హోటలు, వీసా అన్నీ ఇప్పుడు ఫోనులోనే తీసుకోవచ్చు మౌలానా సాబ్. మధ్యలో ఏజెంటుకు ఎందుకు ఇవ్వాలి?" అన్నాడు కొడుకు.

"నాకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. అక్కడ మీ అమ్మ కళ్లు తిరిగి పడిపోతే నీ ఫోను వచ్చి లేపుతుందా? ఏజెంటుతో వెళితే పదిమందిలో ఉంటాం" అన్నాడు తండ్రి.

తీర్పు నన్ను చెప్పమన్నారు. మరుసటి రోజు ఇషా తరువాత రమ్మన్నాను. జవాబు తెలియక కాదు. నిజాయితీగా జవాబు చెప్పాలంటే నా గతంలోని ఒక పొరపాటును ముందుగా వారి ఎదుట ఒప్పుకోవలసి ఉంది. ఆ రాత్రి వారికి చెప్పినదే కొంత వివరంగా పాఠకుల ముందు ఉంచుతున్నాను. మన ఇళ్లలో చాలామంది జీవితకాలపు పొదుపు ఈ ఒక్క ప్రయాణంతో ముడిపడి ఉంటుంది కనుక ఈ ప్రశ్న చిన్నది కాదు.

ఓడల కాలం నుంచీ ఉన్న ప్రశ్న

మన తాతల కాలంలో హజ్ అంటే ఓడ ప్రయాణం. గోదావరి జిల్లాల వారు రైలులో బొంబాయి చేరేవారు. అక్కడ ఓడ కోసం ఎదురుచూసి, సముద్రం మీద జిద్దాకు వెళ్లేవారు. బొంబాయిలో దిగిన క్షణం నుంచీ యాత్రికుణ్ని దళారులు చుట్టుముట్టేవారు. ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో, టికెట్టు అసలు ధర ఎంతో, ఓడలో ఎంతమందిని ఎక్కిస్తారో పల్లెటూరి మనిషికి తెలిసే మార్గం లేదు. తెలియనితనమే దళారికి పెట్టుబడి.

ఆ కాలపు దుస్థితికి 1880 నాటి 'జిద్దా' ఓడ ఉదంతం ఒక్కటి చాలు. సింగపూర్ వర్తకులకు చెందిన ఆ ఓడ తొమ్మిది వందలకు పైగా హజ్ యాత్రికులతో పెనాంగ్ నుంచి బయలుదేరింది. అరేబియా సముద్రంలో తుఫానుకు చిక్కి నీరు ఎక్కసాగింది. అప్పుడు కప్తానూ ముఖ్య అధికారులూ యాత్రికులను ఓడలోనే వదిలి, చిన్న పడవలో తప్పించుకున్నారు. వేరొక ఓడ వారిని ఎక్కించుకోగా, ఏడెన్ చేరి తమ ఓడ మునిగిపోయిందని చెప్పారు. కాని ఓడ మునగలేదు. దానిలోని జనం నీళ్లు తోడుకుంటూ ప్రాణాలు నిలుపుకున్నారు. 'ఆంటెనార్' అనే మరొక ఓడ దానిని లాక్కువచ్చి ఏడెన్ రేవులో నిలిపినప్పుడు లోకం నివ్వెరపోయింది. విచారణలో కప్తాను అధికార పత్రాన్ని మూడేళ్లు నిలిపివేశారు. జోసెఫ్ కాన్రాడ్ 1900లో వెలువరించిన 'లార్డ్ జిమ్' నవలకు ఈ సంఘటనే ఆధారం. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న అని మన సామెత. ఇక్కడ ఏరు దాటకముందే నావికుడు దిగిపోయాడు.

అటువంటి ఫిర్యాదులు పెరగడంతో నాటి భారత ప్రభుత్వం 1886లో ఇంగ్లండుకు చెందిన థామస్ కుక్ సంస్థను హజ్ ప్రయాణాలకు అధికారిక ఏజెంటుగా నియమించింది. ఆనాడు ప్రపంచంలోనే పేరుమోసిన ప్రయాణ సంస్థ అది. అయినా ఆశించిన ఫలితం రాలేదు. 1893 నాటికి ఆ ఏర్పాటు ముగిసిపోయింది. పెద్ద పేరున్న ఏజెంటును పెట్టినంత మాత్రాన యాత్రికుని కష్టం తీరలేదన్నమాట.

కష్టం కొంతైనా తీర్చింది పేరు కాదు, నియమం. తిరుగు ప్రయాణానికి డబ్బులేక జిద్దా రేవులో చిక్కుకుపోయే పేద యాత్రికుల సమస్య దశాబ్దాల పాటు సాగింది. చివరకు 1925లో చట్టాన్ని సవరించి, బయలుదేరేముందే తిరుగు టికెట్టు తీసుకోవాలనో, దానికి సరిపడే మొత్తం జమచేయాలనో నిర్ణయించారు. 1932లో రేవు పట్టణాలకు హజ్ కమిటీల చట్టం వచ్చింది. 1959లోనూ, 2002లోనూ కొత్త హజ్ కమిటీ చట్టాలు వచ్చాయి. ముంబయి నుంచి జిద్దాకు హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. ఓడ పోయి విమానం వచ్చింది, ఉత్తరం పోయి ఫోను వచ్చింది. ప్రశ్న మాత్రం మిగిలే ఉంది: మన డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నాం? రేపు తేడా వస్తే జవాబు చెప్పేది ఎవరు?

మధ్యవర్తిత్వం తప్పా?

కొందరు యువకులు ఏజెంటు అన్న మాటనే మోసానికి పర్యాయపదంగా వాడుతున్నారు. ఇది న్యాయం కాదు. ఒకరి తరఫున మరొకరు పనిచేయడాన్ని మన ఫిఖ్హ్ వకాలత్ అంటుంది. తెలిసిన ప్రతిఫలం తీసుకుని మరొకరి పని చేసిపెట్టడం ధర్మసమ్మతమైన సంపాదనే.

హజ్రత్ ఖదీజా (రజి) తమ వ్యాపార సరుకును ఇచ్చి సిరియాకు పంపింది ఎవరిని? అప్పటికి ఇంకా ప్రవక్తృత్వం లభించని ముహమ్మద్ (స) వారినే. మక్కా ప్రజలు వారిని 'అమీన్' అని పిలిచేవారు. అయినా ఆమె తమ సేవకుడు మైసరాను వెంట పంపారు. ప్రయాణంలో తాను చూసినదంతా అతడు తిరిగివచ్చి ఆమెకు వివరించాడు. నమ్మకం ఉన్నచోట కూడా సాక్షి ఉండటం అవమానం కాదని ఇందులో మనకు బోధపడుతుంది.

హిజ్రత్ సంఘటన ఇంకా గొప్ప పాఠం. ప్రాణాలకే ప్రమాదం ఉన్న ఆ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి ఒక మనిషిని కూలికి కుదుర్చుకున్నారు. చరిత్ర గ్రంథాలు అతని పేరు అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అని చెబుతాయి. అతడు ముస్లిము కాడు, ఖురైషుల మతాన్నే అనుసరించేవాడు. రెండు ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు తీసుకురమ్మన్నారు. అతడు మాట ప్రకారం వచ్చాడు. అతని ఎంపికకు కారణాలు రెండు: దారి బాగా తెలిసినవాడు, మాట నిలబెట్టుకునేవాడు. నేడు మనం ఏజెంటు గడ్డం పొడవు చూస్తున్నాం, టోపీ చూస్తున్నాం, సలాం చెప్పే తీరు చూస్తున్నాం. దారి తెలుసా అని అడగడం లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ఉల్లేఖనం ప్రసిద్ధం. ఒక వ్యక్తి మంచివాడని ఒకాయన సాక్ష్యం చెప్పగా, ఉమర్ (రజి) అతణ్ని ప్రశ్నించారు: నీవు అతని పొరుగున ఉన్నావా? అతనితో ప్రయాణం చేశావా? డబ్బు వ్యవహారం నడిపావా? మూడింటికీ లేదన్న జవాబే వచ్చింది. అయితే మస్జిదులో అతడు తల వంచడం, ఎత్తడం మాత్రమే చూసి ఉంటావు, నీకు అతడు తెలియడు అని ఆయన తేల్చారు.

ఈ ఉల్లేఖనాన్ని విద్యార్థులకు ఎన్నో ఏళ్లు బోధించాను. నా వంతు వచ్చినప్పుడు మరిచాను.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ల క్రితం ఒక ఉమ్రా ఏజెంటు నన్ను కలిశాడు. పేరు చెప్పను, పరోక్ష నింద నా ఉద్దేశం కాదు. "మీ వైపు నుంచి పదిమందిని కూర్చండి మౌలానా, మీ సీటు ఉచితం" అన్నాడు. ఈ పద్ధతి మన సమాజంలో కొత్తది కాదు. చాలామంది ఇమాములకూ, మదరసా ఉపాధ్యాయులకూ ఇది తెలుసు. మా జీతాలతో కాబా గృహాన్ని దర్శించడం తేలిక కాదు. నా మనసు లొంగింది. పెనుగొండ, ఆచంట, పెరవలి, తణుకు ప్రాంతాల నుంచి పదిమందిని కూర్చాను. నా సీటు సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారిలో గాజులు అమ్ముకుని బతికే ఒక వృద్ధురాలు ఉంది. మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. ఆమె డబ్బును గుడ్డలో మూటగట్టి తెచ్చి నా చేతికే ఇచ్చింది. రసీదు అడగలేదు. నేనూ ఏజెంటును అడగలేదు.

మక్కా చేరిన తరువాత తెలిసింది, మా బస 'హరమ్‌కు నడక దూరం' కాదని. ఏజెంటు మాటల్లో దూరం ఉంది గాని కొలత లేదు. వేసిన బస్సు మూడో రోజుకు ఆగిపోయింది. ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. యువకులు నడిచారు. ఖాలాకు మోకాళ్ల నొప్పి. ఇరవై రూపాయలకు కూడా బేరమాడి బతికిన ఆమె టాక్సీకి రియాళ్లు ఇవ్వలేక, అయిదు పూటల నమాజుల్లో మూడు గదిలోనే చదువుకుంది. కాబా ఉన్న ఊరిలో ఉండి, కాబాకు వెళ్లలేక గదిలో కూర్చున్న ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆమె నన్ను నిందించలేదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు మాత్రం మామూలుగా అడిగింది: "మౌల్సాబ్, మీ సీటుకు మీరెంత కట్టారు?"

అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "మీరు చెప్పారనే ఇచ్చాను బాబూ" అంది. అంతే.

జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఒక వ్యక్తి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అని వేరుచేసి చూపితే, దైవప్రవక్త (స) తీవ్రంగా ఆక్షేపించారు. తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. నా ఉచిత సీటుకు ఇంతకన్నా సరిపోయే తీర్పు లేదు. మదరసాలో నాకు ఆ స్థానం లేకపోతే ఆ ఏజెంటు నా గడప తొక్కేవాడు కాదు. ఆ సీటు ఖరీదు ఆకాశం నుంచి రాలేదు, ఆ పదిమంది డబ్బులోంచే వచ్చింది. ఊరికి వచ్చాక పదిమందినీ పిలిచి విషయం చెప్పాను. సీటు వెలను వారికి పంచడానికి నాకు రెండు సంవత్సరాలు పట్టింది. ఖాలా తన వంతు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. బలవంతంగా ఇచ్చాను.

తోటి ఉలమాకు నా వినతి ఒక్కటే. ప్రతిఫలం తీసుకోవడం హరామ్ అని నేను చెప్పడం లేదు. దాచి తీసుకోవద్దు. జనం ముందు చెప్పి తీసుకోండి. చెప్పడానికి సిగ్గువేస్తే తీసుకోవడానికీ సిగ్గుపడాలి.

నేరుగా వెళితే అంతా క్షేమమేనా?

ఇది విని ఆ కొడుకు, "అందుకే నేరుగా తీసుకోవాలంటున్నాను" అన్నాడు. తొందరపడవద్దన్నాను.

2022లో ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ముస్లిములకు ఇటువంటి అనుభవమే ఎదురైంది. అంతవరకు వారు తమ దేశాల్లోని ఏజెంట్ల ద్వారా హజ్‌కు వెళ్లేవారు. ఆ ఏడాది సౌదీ ప్రభుత్వం ఏజెంట్లను తప్పించి, 'మొతవిఫ్' అనే వెబ్‌సైటులో నేరుగా నమోదు కావాలని ప్రకటించింది. హజ్‌కు కొద్ది వారాల ముందు ఈ మార్పు వచ్చింది. డబ్బు కట్టినా టికెట్టు రానివారు, విమానాశ్రయంలో నిలిచిపోయినవారు, అడిగేందుకు మనిషి దొరకనివారు ఎందరో. మధ్యవర్తి లేడు, నిజమే. జవాబు చెప్పేవాడూ లేడు. తరువాత ఆ స్థానంలో 'నుసుక్' వేదిక వచ్చింది. ఇప్పుడు మదీనాలో రౌజా దర్శనపు అనుమతిని కూడా అందులోనే తీసుకోవాలి.

మన దేశంలో హజ్‌కు నేరు మార్గం అంటే హజ్ కమిటీయే. 'హజ్ సువిధ' యాప్‌లో దరఖాస్తు, లాటరీలో ఎంపిక, వాయిదాల్లో చెల్లింపు, అన్నిటికీ రసీదు. 2023లో గన్నవరం విమానాశ్రయం కూడా బయలుదేరే కేంద్రాల్లో చేరింది. కమిటీ ప్రయాణంలో బస ఎక్కడో మన ఇష్టం కాదు. మక్కాలో చాలామందికి అజీజియా ప్రాంతంలో బస ఇస్తారు, అక్కడి నుంచి హరమ్‌కు బస్సులో వెళ్లాలి. కాని ఆ సంగతి ముందే చెప్పి ఇస్తారు. తెలిసి భరించే దూరం వేరు, మోసపోయి నడిచే దూరం వేరు.

ప్రైవేటు హజ్ సంస్థలకు కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ నమోదు ఉండాలి. నమోదు ఉన్నా పరిస్థితి తారుమారు కావచ్చునని 2025 నిరూపించింది. ఆ ఏడాది భారతదేశపు కోటా 1,75,025. అందులో 1,22,518 హజ్ కమిటీకి, తక్కిన 52,507 ప్రైవేటు సంస్థలకు దక్కాయి. మినా గుడారాలకూ, బసకూ, రవాణాకూ సౌదీలో గడువులోగా ఒప్పందాలు పూర్తికాకపోవడంతో ప్రైవేటు కోటాలో అధిక భాగం పోయింది. మన ప్రభుత్వం మాట్లాడిన తరువాత 10,000 మందికి మాత్రం దారి తెరిచారు. ఇహ్రామ్ బట్టలు కూడా కొనుక్కున్న వేలాది కుటుంబాలు ఇంట్లోనే ఉండిపోయాయి.

అన్నిటికన్నా భయంకరమైనది 2024 నాటి విషాదం. తీవ్రమైన ఎండలకు ఆ హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది హజ్ అనుమతి లేకుండా వచ్చినవారు. అనుమతి లేనివారికి గుడారం లేదు, బస్సు లేదు. మండుటెండలో మైళ్లకొద్దీ నడిచారు. సందర్శక వీసాల మీద జనాన్ని పంపిన 16 ప్రయాణ సంస్థల అనుమతులను ఈజిప్టు ప్రభుత్వం రద్దుచేసింది. "విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ హజ్ చేయించే పూచీ నాది" అని మన ఊళ్లలో ఎవరైనా అంటే, అది తక్కువ ధర కాదు, ప్రాణంతో బేరం. హజ్ విధి కావడానికి దివ్య ఖుర్ఆన్ శక్తి ఉండటాన్ని షరతుగా పెట్టింది. శక్తి లేనివాడిపై అల్లాహ్ భారం వేయలేదు; ఏజెంటు ఎందుకు వేయాలి?

డబ్బు ఇచ్చే ముందు

అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైనది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. గడువు పెట్టుకున్న రుణ వ్యవహారాన్ని వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని అది బోధిస్తుంది. అందుచేత కాగితం అడిగితే "నమ్మకం లేదా?" అని నొచ్చుకునే ఏజెంటుకు, కాగితం అడగమన్నది మా ధర్మమే అని సౌమ్యంగా చెప్పండి. అప్పటికీ వ్రాయకపోతే లేచి వచ్చేయండి.

ఆ కాగితంలో కనీసం ఇవి ఉండాలి:

1. హోటలు పేరు, హరమ్ నుంచి మీటర్లలో దూరం, గదికి ఎంతమంది. 'దగ్గర', 'నడక దూరం' అన్న మాటలకు విలువ లేదు.

2. వెళ్లే, తిరిగివచ్చే తేదీలు, విమాన సంస్థ పేరు. వీసా ఏ రకమో స్పష్టంగా.

3. మొత్తం ధర, అందులో ఏమేమి చేరి ఉన్నాయి, ఏవి చేరలేదు. భోజనం, జియారత్, స్థానిక రవాణా వేర్వేరుగా.

4. వీసా రాకపోయినా, ప్రయాణం ఆగిపోయినా ఎంత డబ్బు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు.

5. అక్కడ మనతో ఉండే మనిషి పేరు, ఫోను నంబరు.

డబ్బును సంస్థ పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి. మధ్యలో ఉన్న ఊరి మనిషి చేతికి, అతడు మౌలానా అయినా సరే, నగదు ఇవ్వకండి. హజ్ కోసమైతే సంస్థ పేరు అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ ప్రకటించిన జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. అన్యాయం జరిగితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సమస్య తలెత్తిన 2 సంవత్సరాల లోపు వెళ్లాలి. పవిత్ర యాత్ర విషయంలో కోర్టు ఏమిటని కొందరు వెనుకాడుతారు. మీ మౌనం వల్ల మరుసటి ఏడు మరొక ఖాలా మోసపోతుందని గుర్తుంచుకోండి.

నేరుగా తీసుకునేవారికీ ఒక హెచ్చరిక. టికెట్టును విమాన సంస్థ నుంచి, ఉమ్రా అనుమతిని సౌదీ ప్రభుత్వ వేదిక నుంచి మాత్రమే తీసుకోండి. ఫోనులో కనిపించిన ప్రతి ప్రకటనా నేరు మార్గం కాదు. అది కూడా ముఖం కనిపించని ఏజెంటే కావచ్చు.

తండ్రీకొడుకులకు చెప్పిన మాట

చివరకు వారిద్దరితో ఇలా అన్నాను. కొడుకు ఏజెంటుకు ఇచ్చేది టికెట్టు ధర అనుకుంటున్నాడు. తండ్రి కొనాలనుకుంటున్నది టికెట్టు కాదు, తోడు. టికెట్టు ఫోనులో దొరుకుతుంది. తోడు దొరకదు. తల్లికి కళ్లు తిరిగినప్పుడు పట్టుకునే చెయ్యి, దారి తప్పినప్పుడు పలికే గొంతు ఎవరిదో ముందు తేల్చుకోండి. ఆ చెయ్యి ఏజెంటుదైతే దాని ధర చెల్లించి, దాని మాటను కాగితం మీద పెట్టించండి. నేరుగానే వెళ్లాలనుకుంటే ఆ చెయ్యి కొడుకుదే కావాలి. తల్లిదండ్రులను నేరుగా పంపడమంటే ఫోనులో పంపడం కాదు, వెంట వెళ్లడం.

కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి అతని వైపు చూడకుండా చాప అంచు సవరిస్తూ కూర్చున్నాడు. వెళ్లేముందు కొడుకు, "పదిహేను రోజులు సెలవు దొరుకుతుందేమో ఆఫీసులో అడిగి చూస్తాను" అన్నాడు. మొన్న శుక్రవారం జుమా తరువాత తండ్రి కనిపించి, సెలవు దొరికిందని, ముగ్గురికీ కలిపి తేదీలు చూస్తున్నారని చెప్పాడు.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ మనలను ఆజ్ఞాపించాడు. యాత్రికుని డబ్బు అమానతు. అతని నమ్మకం అంతకన్నా పెద్ద అమానతు. ఆ అమానతును మోసే ఏజెంట్లకూ, వారిని చూపించే మా వంటివారికీ ఆ బరువు తెలిసే హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! తన గృహాన్ని దర్శించాలని రూపాయి రూపాయి కూడబెడుతున్న ప్రతి ఇంటివారినీ క్షేమంగా చేర్చి, క్షేమంగా తిరిగి తెచ్చుగాక! ఆమీన్.